ఫ్లాష్ ఛార్జ్ అయ్యేలోపు

ఏ కెమెరా కొనమంటారని అడిగే కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి మాట నచ్చదు. ముందు మీకెంత భయమో చూసుకోండి అంటాను. వాళ్లు మెగాపిక్సెళ్ల సంగతి అడుగుతారు, లెన్సుల సంగతి అడుగుతారు, ఇంటర్నెట్‌లో చదివిన పోలికలన్నీ ఏకరువు పెడతారు. నేను తిరిగి తిరిగి భయం దగ్గరికే వస్తాను. ముసలాయనకు చాదస్తం ముదిరిందని లోపల అనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి. ఒక దినపత్రిక గుంటూరు ఆఫీసులో చాలా ఏళ్లు ఫోటోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అన్నేళ్లలో నేను భయపడకుండా తీసిన ఫోటోలు సన్మాన సభలవి మాత్రమే. అక్కడ కూడా వేదిక కూలుతుందేమోనని ఒక కన్ను సరుగుడు కర్రల మీదే ఉంచేవాణ్ణి.

భయం నాకు పుట్టుకతో వచ్చింది. మాది పొన్నూరు. మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. చిన్నప్పుడు ఆయన బెత్తానికి భయం, కాలవలో ఈతకు భయం, గంగిరెద్దుకు కూడా భయం. ఇలాంటివాడు పత్రికా ఫోటోగ్రాఫర్ ఎందుకయ్యాడని అడక్కండి. ఊళ్లో పెళ్లి ఫోటోలు తీసుకుంటూ ఉన్నాను, నెలనెలా జీతం అంటే చేరిపోయాను. లాఠీచార్జీలూ లారీ ప్రమాదాలూ ఉంటాయని చేరాక తెలిసింది.

ఆఫీసులో రెండో ఫోటోగ్రాఫర్‌ది మార్టూరు. అందరూ అతణ్ణి ఊరిపేరుతోనే పిలిచేవారు, నన్ను పొన్నూరు అని పిలిచినట్టే. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల మధ్య పెరిగినవాడు. రాయి కోసే రంపం పక్కన నిలబడి మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. పక్క కుర్చీలో కూర్చున్నవాడితో కూడా రోడ్డవతల మనిషిని పిలిచినట్టు మాట్లాడేవాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు కాబట్టి మా మధ్య ఏరా, ఒరేయ్ తప్ప గారూ గీరూ ఉండేవి కావు. ధర్నా అంటే అతను పోలీసుల లాఠీకీ జనం వీపుకీ మధ్య ఉంటాడు. నేను ఎదురుగా టీ బంకు బల్ల ఎక్కి ఉంటాను.

"ఒరేయ్ పొన్నూరూ, ఫోటో బాగా రాలేదంటే నువ్వు ఇంకో నాలుగడుగులు ముందుకెయ్యలేదని అర్థంరా," అనేవాడు.

"నాలుగడుగులు ముందుకేస్తే నేను తీసిన ఫోటో రాదు, నా ఫోటోనే ఎవడన్నా తీసి పేపర్లో వేస్తాడు," అనేవాణ్ణి.

ఫిల్ము రోజులు ముగిసి డిజిటల్ మొదలైన కాలం అది, రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు. హెడ్డాఫీసు నుంచి ఒకరోజు రెండు పెట్టెలు వచ్చాయి. ఒకదాంట్లో డీఎస్సెల్లార్, దాంతో పాటు ఒక పొట్టి లెన్సు. రెండోదాంట్లో సూపర్‌జూమ్. అంటే లెన్సు ఊడదీయడానికి వీల్లేని కెమెరా, కానీ ఆ ఒక్క లెన్సే ఎక్కడో ఉన్న మనిషిని కూడా ముక్కు ముందుకు లాక్కొస్తుంది. ఎవరికేది కావాలో మీరే తేల్చుకోండని చెప్పి మా ఇన్‌ఛార్జి గారు టీకి వెళ్లిపోయారు.

తేల్చుకోవడానికి మిర్చియార్డుకు వెళ్లాం. సీజన్ నడుస్తోంది. షెడ్ల నిండా మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు. గాలి నిండా ఘాటు. హమాలీ ఒకతను టిక్కీని భుజం మీంచి గుట్ట మీదికి విసురుతున్నాడు. మార్టూరు డీఎస్సెల్లార్ నొక్కాడు. టిక్కీ గాల్లో ఉండగానే ఫోటోలో పడింది. నేను నా సూపర్‌జూమ్ నొక్కాను. అది కాస్త ఆలోచించింది. ఆలోచించి తీసేసరికి టిక్కీ గుట్టెక్కింది, హమాలీ చెమట తుడుచుకుంటున్నాడు. షెడ్డులోపల మసక వెలుతురులో తీసిన ఫోటో మార్టూరుది శుభ్రంగా వచ్చింది, నాది ఇసక చల్లినట్టు వచ్చింది. బయటికొచ్చాక మాత్రం నా వంతు. గేటు దగ్గర నిలబడి, ఆ చివర కాటా దగ్గర కూర్చున్న గుమాస్తా ఆవులింతను దగ్గరికి లాగాను. నోట్లో పన్ను ఊడిన సందు కూడా కనపడింది. మార్టూరు పొట్టి లెన్సులో ఆ గుమాస్తా ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇందులో నువ్వు చూసేది అసలు మనిషిని కాదురా, టీవీ బొమ్మని," అన్నాడు నా వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి. నిజమే. డీఎస్సెల్లార్‌లో కంటికి కనపడేది లెన్సులోంచి అద్దం మీద పడి నేరుగా వచ్చిన దృశ్యం. నాదాంట్లో లోపల చిన్న తెర ఉంటుంది, దాని మీద బొమ్మ కనపడుతుంది. ఫోటో తీసినప్పుడల్లా ఆ తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. ఫ్లాష్ వేస్తే మాత్రం, ఫ్లాష్ మళ్లీ ఛార్జ్ అయ్యేదాకా నల్లగానే ఉంటుంది. దాంట్లో వేసే పెన్సిల్ సెల్లులు నీరసించే కొద్దీ ఆ నలుపు కూడా సాగుతుంది. సన్మాన సభల్లో అదొక చికాకు, అంతే.

అలా అతను డీఎస్సెల్లార్ తీసుకున్నాడు, నేను సూపర్‌జూమ్ తీసుకున్నాను. నాకు దూరం కావాలి, అది దొరికింది.

ఇక్కడ ఒక తప్పు గురించి చెప్పాలి. మా ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చెయ్యని తప్పు. మార్టూరు దగ్గర ఫిల్ము రోజుల నాటి పొడుగు లెన్సు ఒకటి ఉంది. అది కొత్త కెమెరాకు సరిపోయింది. వారం తిరక్కుండానే యార్డులో, టిక్కీలు దులుపుతున్న చోట నిలబడి, పొట్టి లెన్సు విప్పి పొడుగుది తగిలించాడు. లెన్సు విప్పితే డీఎస్సెల్లార్ నోరు తెరిచినట్టే. లోపల ఫిల్ము ఉండాల్సిన చోట సెన్సరు అనే చిన్న పలక ఉంటుంది. మిరప దుమ్ము వెళ్లి దాని మీద కూర్చుంది. తర్వాత ఏ ఫోటో తీసినా ఆకాశంలో అవే మూడు నల్ల చుక్కలు.

"ఏందయ్యా, మంత్రిగారు ఏ ఊరెళ్లినా ఆయన నెత్తిన అవే మూడు కాకులు ఎగురుతన్నయ్యి?" అన్నారు ఇన్‌ఛార్జి గారు.

కెమెరా హైదరాబాద్ వెళ్లి శుభ్రమై వచ్చింది, వెంట హెడ్డాఫీసు చివాట్లు కూడా వచ్చాయి. ఆ రోజు మార్టూరు ఒట్టు పెట్టుకున్నాడు. "మిరపకాయ ఉన్న చోట ఇంక లెన్సు ఇప్పను. దగ్గర కావాలంటే నేనే దగ్గరికి పోతా," అన్నాడు. అప్పట్నుంచి దుమ్మున్న చోటికి పొట్టి లెన్సుతోనే వెళ్లేవాడు. పొడుగు లెన్సు సంచీలో ఉండేది, ఆ సంచీ చాలాసార్లు నా భుజాన ఉండేది.

మా ఇద్దరికీ తగువు వచ్చేది ఒక్క ఫ్లాష్ దగ్గరే. అతను ఉన్న వెలుతురులోనే తీసేవాడు. నా కెమెరాకు కాస్త చీకటైతే ఏమీ కనపడదు, అందుకని ఫ్లాష్ పైకి లేపేవాణ్ణి. అతను ఎక్కడో వెలుతురు సరిచూసుకుని నొక్కబోయేసరికి నా ఫ్లాష్ తళుక్కుమనేది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. ఒకసారి ఒక స్వామీజీ ఉపన్యాసం మధ్యలోనే తిట్టాడు, మైకు పట్టేసుకుంది.

ఇక ఆ రోజు సంగతికి వస్తాను. మే నెల. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీకి నిప్పంటుకుంది. ధర వచ్చాక అమ్ముకుందామని రైతులు మిరపకాయలు అక్కడ దాచుకుంటారు. టిక్కీల మధ్య రాజుకున్న నిప్పు ఒక పట్టాన ఆరదు. ముందురోజు నుంచీ నీళ్లు కొడుతూనే ఉన్నారు. మేమిద్దరం మధ్యాహ్నం అతని బండి మీద వెళ్లాం. ఊరి పొలిమేర నుంచే గొంతులో గరగర మొదలైంది. దగ్గరికొచ్చేసరికి కళ్లు తెరవలేకపోయాను. మిరపకాయ కాలిన పొగ ఎలా ఉంటుందో ఇంట్లో తాలింపు మాడినప్పుడు మీకు కొంచెం తెలిసి ఉంటుంది. అక్కడ వేల టిక్కీలు మాడుతున్నాయి. రోడ్డుకు రెండువైపులా పోలీసులు జనాన్ని ఆపారు. ఆ జనంలో రైతులు ఎవరో ఇట్టే తెలిసిపోతున్నారు, వాళ్లు దగ్గుతూ కూడా వెనక్కి తగ్గడం లేదు.

"నేను లోపలికి పోతన్నా," అన్నాడు మార్టూరు. తువ్వాలు నీళ్లలో ముంచి ముక్కుకూ నోటికీ కట్టుకున్నాడు. సంచీ తీసి నా భుజానికి తగిలించాడు.

"వద్దురా. రోడ్డు మీంచే తియ్. చాలు."

"రోడ్డు మీంచి పొగ తప్ప ఏమొస్తదిరా? నిప్పు ఫోటో అందరూ తీస్తారు. నేను ఆ ఫైరోళ్ల మొహాలు తీస్తా. గోడకాడ నిలబడి ఇటు తిరిగితే ఒక్కొక్కడి మొహం కనపడుద్ది."

"గోడకాడ నిలబడతావా?"

"అదేం నన్ను కాల్చుకు తినదులే," అని నవ్వి, ఫైర్ ఆఫీసర్‌తో చేతులు తిప్పుతూ మాట్లాడి, వాళ్లతో పాటు లోపలికి నడిచాడు. ఇంకోసారి వద్దంటే నన్ను కూడా రమ్మంటాడేమోనని భయం.

రోడ్డుకు ఇవతల ఒక పత్తి జిన్నింగు మిల్లు ఉంది. సీజన్ అయిపోయి మూతపడి ఉంది. వాచ్‌మన్‌ను బతిమాలి డాబా ఎక్కాను. వెడల్పాటి మిల్లు ఆవరణ, ఆ తర్వాత రోడ్డు, దాని అవతల కోల్డ్ స్టోరేజి ఎత్తు గోడ. ఉత్త కంటికి ఫైర్‌మెన్లు చీమల్లా ఉన్నారు. కెమెరా కన్నుకు ఆనించి జూమ్ చివరిదాకా లాగాను. మార్టూరు మెడ మీద చెమట కనపడింది.

అతను చెప్పినట్టే చేస్తున్నాడు. వీపు గోడకు పెట్టి, మొహం ఇటు తిప్పి, మోకాళ్ల మీద కూర్చుని, గొట్టాలు పట్టుకున్న వాళ్ల మొహాలు తీస్తున్నాడు. పొట్టి లెన్సు కాబట్టి వాళ్లకు ఆనుకున్నంత దగ్గరగా ఉన్నాడు. నేను కూడా ఒకటి తీశాను, గోడ మొత్తం వచ్చేలా. గోడ పైన వెంటిలేటర్ కింద చిన్న పగులు ఉంది. పాత గోడ కదా అనుకున్నాను.

కొంచెంసేపు పొగ మా వైపు తిరిగింది. వాచ్‌మన్, నేను డాబా పిట్టగోడ చాటున కూర్చుని దగ్గాం. పొగ పక్కకు పోయాక లేచి మళ్లీ జూమ్ లాగాను. పగులు పొడుగైనట్టు అనిపించింది. వేడికి గాలి అలలు అలలుగా ఆడుతోంది, అంత జూమ్‌లో చేతి వణుకు కూడా బొమ్మను ఊపేస్తుంది, నా కళ్ల సంగతి సరే, చెప్పక్కర్లేదు. నాకు ఏది చూసినా కూలేటట్టే కనపడుతుందని నాకే తెలుసు. అందుకని ఇంకో ఫోటో తీసి, వెనక తెర మీద ఇందాకటిదీ ఇదీ మార్చి మార్చి చూశాను.

ఇందాక పగులు వెంటిలేటర్ కింద జానెడు ఉంది. ఇప్పుడు అది గోడ సగం దాటింది. గోడ మధ్యలో బయటికి పొట్ట వచ్చింది. ఆ పొట్ట కిందే మార్టూరు కూర్చున్నాడు.

తర్వాత ఫైర్ ఆఫీసర్ చెబితే తెలిసింది. రెండు రోజులుగా కొట్టిన నీళ్లన్నీ తాగి లోపల టిక్కీలు ఉబ్బాయట, కింద వరసలు కాలిపోయి గుట్టలన్నీ ఒరిగి గోడ మీద పడ్డాయట. అప్పుడు నాకు ఇవేమీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, అది కూలుతుంది. నా జీవితంలో వంద సార్లు నాకు అలా అనిపించింది, వంద సార్లూ ఏమీ కాలేదు. ఈసారి మాత్రం కెమెరాలో రుజువుంది.

ఫోన్ తీసి మార్టూరుకు కొట్టాను. నా భుజాన ఉన్న సంచీలో మోగింది. అతని ఫోన్, అతని సంచీ, నా భుజం. ఆ మోత ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అరిచాను. అది అరుపో దగ్గో వాచ్‌మన్‌కే అర్థం కాలేదు. కింద ఫైరింజన్ల మోటార్ల రొద. "ప్రభువా, ప్రభువా," అనుకుంటూ మెట్ల వైపు రెండడుగులు వేసి ఆగిపోయాను. దిగాలి, ఆ ఆవరణ దాటాలి, గేటు, రోడ్డు, పోలీసులు. దిగితే అతను నాకు కనపడడు. నేను వెళ్లేలోపు ఏమైనా కావచ్చు. చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు, చూస్తూ ఊరుకోవడం అంతకన్నా కాలేదు.

"పెద్దాయనా, గోడ పడిపోతందని పోయి చెప్పు! పోలీసులకి చెప్పు, ఎవరికైనా చెప్పు!" అన్నాను.

"నేనాండీ?" అన్నాడాయన. ఆయన మొహం కూడా పాలిపోయింది. అయినా పంచె ఎగ్గట్టి దిగాడు. ఆయన మోకాళ్ల సంగతి ఎక్కేటప్పుడే చూశాను, ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కాడు.

అప్పుడు నాకు ఫ్లాష్ గుర్తొచ్చింది. మార్టూరు ఇటే తిరిగి ఉన్నాడు. కన్ను వ్యూఫైండర్‌లో ఉంది. లోకంలో ఏది పట్టించుకోకపోయినా తన ఫ్రేములో ఇంకొకడి ఫ్లాష్ వెలిగితే ఊరుకోడు. పొగ కమ్మి అక్కడ సాయంత్రంలా ఉంది. ఫ్లాష్ పైకి లేపి నొక్కాను.

తళుక్కుమంది. తెర నల్లబడింది.

ఆ నలుపు ఎంతసేపు ఉందో చెప్పలేను. పక్కన ఎర్ర దీపం కొట్టుకుంటోంది, ఛార్జ్ అవుతున్నట్టు గుర్తు. కన్ను తీసి ఉత్త కంటితో చూస్తే పొగ, చీమలు. ఎవరు ఎవరో తెలియదు. మళ్లీ కన్ను పెట్టాను. తెర వచ్చింది. అతను అలాగే కూర్చుని ఉన్నాడు, గోడ అలాగే ఉంది. నన్ను చూడలేదు.

మళ్లీ నొక్కాను. మళ్లీ నలుపు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. పొద్దుటి నుంచీ వాడిన సెల్లులు అవి. కొత్తవి సంచీలో ఉన్నాయి, కానీ మార్చాలంటే కెమెరా ఆపాలి. ఆ నల్ల తెరలోకి చూస్తూ ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఆ తెర వచ్చేసరికి అతను ఉంటాడో లేడో, అదొక్కటే నా తలలో తిరుగుతోంది. ఇంత దూరంగా ఉండి కూడా నేనింత భయపడతానని అంతకు ముందు తెలియదు.

తెర వచ్చింది. మార్టూరు కెమెరా దించాడు. కళ్లు చిట్లించి మా డాబా వైపు చూస్తున్నాడు. తువ్వాలు కిందికి లాగి ఏదో అన్నాడు. ఏమన్నాడో పెదాలు చూస్తే తెలిసిపోయింది, నాకు బాగా అలవాటైన మాటే.

రెండు చేతులూ పైకెత్తి ఊపాను. గోడ వైపు చూపించాను. చేతులతో కూలిపోతున్నట్టు సైగ చేశాను. అతనికి ఏం కనపడిందో ఏమో, కెమెరా పైకెత్తి నా వైపు గురిపెట్టి ఒక ఫోటో తీశాడు. ఆఫీసులో ఇన్‌ఛార్జి గారికి చూపించి నా పని పట్టడానికని నాకు వెంటనే అర్థమైంది. తీసి, లేచి, పిడికిలి చూపిస్తూ, తిడుతూ నా వైపు నడిచాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు. అతను ఎవరిని తిడుతున్నాడా అని ఫైర్‌మెన్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. వాళ్లలో ఒకడు మళ్లీ గోడ వైపు చూసి గొట్టం వదిలేశాడు.

మార్టూరు కూడా అటు చూశాడు. చప్పుడు వినపడి ఉంటుంది. ఇటు తిరిగి పరుగెత్తబోయాడు. అప్పుడు అతని మొహం నా తెర నిండా వచ్చింది. నా వేలు నాకు తెలియకుండానే నొక్కుకుంది.

ఫ్లాష్ వెలిగింది. తెర నల్లబడింది.

గోడ పడిన చప్పుడు నలుపులోనే విన్నాను. తెర వచ్చేసరికి దాంట్లో ఎర్ర దుమ్ము తప్ప ఏమీ లేదు.

మెట్లు ఎలా దిగానో, మిల్లు ఆవరణ ఎలా దాటానో తెలియదు. వాచ్‌మన్ గేటు దగ్గరే ఉన్నాడు, పోలీసతని చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నాడు. ఎవరో నన్ను పట్టుకోబోతే విదిలించుకున్నాను. మూతికి గుడ్డ కట్టుకోవాలన్న ధ్యాస కూడా లేదు. లోపల ఊపిరి పీలిస్తే నిప్పు మింగినట్టుంది. కళ్లు మూతలు పడిపోయాయి, చేతులతో తడుముకుంటూ వెళ్లాను. కాళ్ల కింద ఇటుకలు, వాటి మీద తడిసి ఉబ్బిన మిరపకాయలు, జారుతున్నాయి. ఇంకో గోడ ఎక్కడుందో, అది ఎప్పుడు పడుతుందో తెలియదు. ధైర్యంతో వెళ్లాననుకోకండి. చచ్చేంత భయంతో వెళ్లాను. బయట నిలబడితే వేసే భయం ఇంతకన్నా ఎక్కువగా ఉంది కాబట్టి వెళ్లాను.

"మార్టూరూ! ఒరేయ్ మార్టూరూ!"

ఎవరో దగ్గుతున్నారు, ఎవరో మూలుగుతున్నారు. మళ్లీ పిలిచాను. అప్పుడు ఎడమ పక్క నుంచి ఒక తిట్టు వినపడింది, మా అమ్మను కలిపి. నా బతుకులో అంత చల్లటి మాట వినలేదు.

బోర్లా పడి ఉన్నాడు. ఒక కాలు మోకాలి దగ్గర్నుంచి ఇటుకల కింద ఉంది. పగిలిన టిక్కీలు మీద పడి నడుం దాకా తడి మిరపకాయల్లో కూరుకుపోయాడు. కాలు చీరుకుపోయిన చోట కూడా అవే. నేనూ ఇద్దరు ఫైర్‌మెన్లూ ఇటుకలు లాగుతుంటే అతను పెట్టిన కేకలు, ఆ పెద్ద గొంతుతో పెట్టిన కేకలు, నేను ఇక్కడ రాయను. కెమెరా పొట్ట కింద పెట్టుకుని పడ్డాడు. లెన్సు ముక్కలైంది గానీ బాడీకి ఏం కాలేదు.

ప్రాణాలు ఎవరివీ పోలేదు. ఒక ఫైర్‌మన్‌కు భుజం విరిగింది. మార్టూరు కాలికి రాడ్లు వేశారు. ఇంకో మూడడుగులు వెనక ఉండి ఉంటే తవ్వి తీయాల్సింది శవాలనేనని ఫైర్ ఆఫీసర్ మా ఇన్‌ఛార్జి గారితో అన్నాడట. ఆ రైతుల టిక్కీలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. గోడ పడిన ఫోటో మా పేపర్‌లో రాలేదు, ఎందుకంటే ఆ ఫోటో ఎవరూ తీయలేదు. నా మెమరీ కార్డులోని చివరి ఫోటో నేను ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కించలేదు.

వారం తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. వార్డు నిండా మధ్యాహ్నపు ఎండ. అతని భార్య మజ్జిగలో ముంచిన గుడ్డతో చేతులు తుడుస్తోంది. ఒళ్లంతా మంట ఇంకా తగ్గలేదట.

"రండన్నయ్యా, మీరన్నా చెప్పండి, పొద్దుటి నుంచీ కెమెరా కెమెరా అని నా ప్రాణం తీస్తన్నాడు," అంది.

డీఎస్సెల్లార్ తెచ్చాను, నాది ఎప్పటిలాగే మెడలో ఉంది. మార్టూరు దాన్ని ఆన్ చేసి చివరి ఫోటో తెరిచాడు. నన్ను తీసింది. పొట్టి లెన్సు కదా, ఫ్రేము నిండా పొగ, దాని వెనక మిల్లు గోడ, పైన ఆకాశం. నేను ఎక్కడా లేను.

"యాడున్నావురా ఇందులో?"

వేలితో చూపించాను. డాబా అంచు మీద తెల్లటి చుక్క, అది ఫ్లాష్. దాని కింద నల్లటి గీత, అది నేను. పెద్దది చేసే మీట నొక్కుతూ పోయాడు. గీత గళ్లు గళ్లుగా విడిపోయింది.

"మొహం కనపడట్లా," అన్నాడు. "మొహం కనపడుంటే తెలిసేది గదరా, భయపడి చస్తన్నావో, ఫోటోలు తీస్తన్నావో. నేను నిన్ను కొట్టడానికి లేచానురా."

"నాకు తెలుసు."

"నీ కెమెరాలో నేను కనపడ్డానా?"

కనపడ్డావన్నాను. చూపించమన్నాడు. వద్దులే అన్నాను. చెయ్యి చాపి అలాగే ఉంచాడు. ఇచ్చాను.

ఆ ఫోటో గురించి మీకు చెప్పాలి. నా సూపర్‌జూమ్ తీసిన ఫోటోల్లో అంత సరిగ్గా వచ్చింది ఇంకొకటి లేదు. ఎప్పుడూ ఆలోచించి తీసే కెమెరా ఆ ఒక్కసారి ఆలోచించలేదు. ఫ్రేము నిండా మార్టూరు మొహం. కనుగుడ్లు, తెరిచిన నోరు, మెడ నరాలు, నుదుటి మీద అంటుకున్న మిరప గింజ, అన్నీ ఉన్నాయి. వెనక ఉన్నదేమిటో అతనికి తెలిసిపోయిన క్షణం అది. పోలికలు అడిగే పిల్లలారా, ఈ రెండు ఫోటోలకూ మధ్య కొన్ని క్షణాలే తేడా. అతని కెమెరాలో నేను చుక్కను. నా కెమెరాలో అతను చెయ్యి చాపితే అందేంత దగ్గర. నేను మాత్రం ఆ చుక్క ఉన్న చోటే ఉన్నాను.

మార్టూరు చాలాసేపు చూశాడు. భార్య తొంగి చూడబోతే కెమెరా పక్కకు తిప్పేశాడు.

"ఇది నా మొహం కాదురా," అన్నాడు చివరికి. "నీ మొహంరా ఇది. రోజూ ఆఫీసులో చూసే నీ మొహం."

ఇద్దరం నవ్వాం. అతను నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. గొంతు తగ్గించి మాట్లాడటం అతని నోట మొదటిసారి అప్పుడే విన్నాను.

"రోజూ ఇంత భయం మోసుకుని ఎట్టా వచ్చేవాడివిరా పనికి?"

సెల్లులు అయిపోతాయని, కెమెరా ఇచ్చెయ్యమని అన్నాను. ఇందులోంచి ఆ ఫోటో తీసేస్తానని కూడా అన్నాను.

"తియ్యబాక," అన్నాడు. "ఉంచు. కాలు బాగయ్యాక నేను మళ్లీ ఎప్పుడన్నా లోపలికి పోతానంటే, మాట్లాడకుండా ఇది తీసి నా ముందు పెట్టు."

పెట్టాల్సిన అవసరం రాలేదు. కాలు బాగయ్యాక అతను ఆఫీసులోనే కూర్చుని వార్తలు దిద్దే డెస్కులో చేరాడు. మళ్లీ కెమెరా ముట్టుకోలేదు.